లోపల పెట్టిన పేరు

నాకు ఓపిక తక్కువ. పుట్టేటప్పుడు కూడా మంత్రసానిని తొందరపెట్టి వచ్చావే అంటుంది మా అమ్మ. ఒకే పనిని రెండు చోట్ల చేయమంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ మామిడి కాలంలో మా చిన్నాయన మా ఇంటి గడప తొక్కడం మానేయడం వెనక ఇదీ ఉంది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. చిత్తూరులో మా వెనక వీధిలోనే ఆయన ఇల్లు. మామిడి తోట ఊరి బయట. నాయన పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం తోట నుంచి మోపెడ్ మీద నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. నాయన కూర్చునే ఇనుప కుర్చీలో కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఎండను తిట్టి, కరెంటును తిట్టి, లేచి పోయేవాడు. అంతకు మించి మాటలేమీ ఉండవు. కానీ ఆయన వచ్చి పోతేనే అమ్మకు ఆ రోజు ముగిసినట్టు. రాని రోజు గిన్నెలు తోముతూ కూడా వీధి వాకిలి వైపు చూస్తూనే ఉంటుంది.

నేనూ మా తమ్ముడూ కలిసి ప్రోగ్రాములు రాస్తాం. వాడు చిత్తూరులో అమ్మ దగ్గరే. నేను తిరుపతిలో ఒక కాలేజీలో పిల్లలకు కంప్యూటరు ల్యాబు చెబుతూ అద్దె గదిలో ఉండేదాన్ని. వాడు అక్కడ, నేను ఇక్కడ, మధ్యలో ఫోను. పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్ళం, పని మాత్రం జరిగిపోయేది.

మామిడి కాలం వచ్చిందంటే చిత్తూరు చుట్టూ ఉన్న గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. బెంగళూరా కాయ, అదే తోతాపురి, కోశాక ఆగదు. ఎండలో ట్రాలీలో ఉంటే మరీ ఆగదు. లైన్లో ఉన్న ప్రతి మనిషికీ ఒకటే ఆరాటం, నా బండి ఎప్పుడు లోపలికి పోతుంది, నా కాయ ఏమని తేల్చినారు. అందరూ గేటు మీద పడి వాచ్‌మన్‌ను పీక్కు తింటుంటే, ఒక ఫ్యాక్టరీ మేనేజరు మమ్మల్ని పిలిచి గేటు మీద పెద్ద బోర్డు పెట్టిస్తానన్నాడు. ఒకవైపు బండి నంబరు, పక్కనే దాని సంగతి. ఆ బోర్డు వెనక నడిచే ప్రోగ్రాము మాది.

మేము రాసేది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో. అందులో వేరియంట్ టైప్ అని ఒకటుంటుంది. పేరు విని బెదరక్కర్లేదు, చాలా సులువు. బండి సంగతి ఇన్ని రకాలే, వీటిలో ఏదో ఒకటే అయి తీరాలి అని ముందే కట్టడి చేయడం. లైన్లో ఉంది, కాటా మీద ఉంది, మంచికాయ, పండిపోయిన కాయ, ఇట్లా. ఒక్కో రకానికి ఒక్కో పేరు పెడతాం. ఆ పేరు రాసుకునే మా కోసమే, యంత్రానికి దాంతో పనిలేదు. అది తన లెక్కన సున్నా, ఒకటి, రెండు అనుకుంటూ పోతుంది. మనుషులకు చూపించాలంటే మాత్రం దాన్ని మాటగా మార్చాలి. అందుకు రెండు దారులు. ఈ రకానికి ఈ మాట, ఆ రకానికి ఆ మాట అని చేత్తో రాసుకుంటూ పోవడం ఒకటి. టైప్ కింద ఒక్క లైను తగిలించి ఊరుకోవడం ఇంకొకటి. అప్పుడు మా రాతను యంత్రానికి తగ్గట్టు మార్చే కంపైలర్ ఉందే, అదే ఆ పనంతా చేసి పెడుతుంది. లోపల ఏ పేరు పెట్టామో బయటికి అదే మాట వస్తుంది.

తమ్ముడు మొదట చేత్తోనే రాశాడు. తీరా కాలం మొదలయ్యాక మేనేజరు ఊరుకుంటేనా!

"మేడం, ఇంకో రకం చేర్చాల. వానకు తడిసిన కాయ." మరుసటి రోజు, "మేడం, వేరే రకం కాయ కలిసి వస్తా ఉండాది, దానికొకటి." తమ్ముడు టైప్‌లో పేరు చేర్చేవాడు, మాట రాయడం మరిచేవాడు. మరిచిపోయినవాటికి బోర్డు మీద "ఇతరం" అని పడేట్టు పెట్టుకున్నాడు మహానుభావుడు. ఒకరోజు సగం బోర్డు ఇతరాలే. రైతులు గేటు పట్టుకుని ఊపేశారట, "ఇతరమంటే ఏందప్పా? మావి కాయలు గాదా? రాళ్ళా?" అని.

నాకు రేగింది. ఆ మధ్యాహ్నం ల్యాబులో పిల్లలు వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటుంటే, తమ్ముడు చేత్తో రాసిన ఆ బారెడు రాతను తీసేసి, టైప్ కింద ఒక్క లైను తగిలించాను. వాడికి ఫోను చేశాను.

"పేర్లన్నీ బాగానే ఉండాయి కదరా?"

"ఊఁ," అన్నాడు. నోట్లో అన్నం ముద్ద ఉంది.

అంతే. చాలా హాయిగా అనిపించింది. ఇకమీదట పేరు చేరిస్తే చాలు, మాట దానంతట అదే వస్తుంది. తిరుపతి బస్టాండు ముందు నిలబడి నిమ్మకాయ సోడా తాగాను, ఏదో గెలిచినదానిలా.

మా పేర్లు ఎట్లా ఉంటాయో చెప్పాలి. భాష మాది, అక్షరాలు ఇంగ్లీషువి. ఫోన్లో అందరూ రాసుకునేట్టే. ఇంట్లో నోటికి ఏది వస్తే అదే పేరు. ఎవరు చూస్తారని? ట్రాలీ వచ్చినప్పుడు పైనుంచి కొన్ని కాయలు, వెనక తలుపు తీసి అడుగు నుంచి కొన్ని కాయలు తీసి చూస్తారు. రెండూ ఒకే తీరుగా లేకపోతే ఆ బండిని పక్కకు పెట్టి మళ్ళీ చూస్తారు. ఆ రకానికి తమ్ముడు బయటికి రాసిన మాట మర్యాదగానే ఉంది, "మళ్ళీ చూడాలి" అని. లోపల పెట్టిన పేరు మాత్రం ఇంకొకటి.

మర్నాడు ఎండ నెత్తిన ఉండగా అమ్మ ఫోను చేసింది.

"ఏమే, మీరిద్దరూ కలిసి మీ చిన్నాయన బండి మీద ఏం రాసినారే?"

"మేమేం రాస్తామమ్మా?"

"మోసం అని రాసినారంట గదే! గేటు మీద, ఇంతింత అక్షరాలతో!"

అమ్మ ఏడుస్తూ, తిడుతూ, మళ్ళీ ఏడుస్తూ చెప్పిన సంగతి ఇది. చిన్నాయన పొద్దున్నే లైన్లో నిలబడ్డాడు. మా అన్న పిల్లలు చేసిన బోర్డు అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పుకున్నాడు కూడా. బండి గేటు దాకా పోయింది, కాయలు తీసి చూశారు. బోర్డు మీద ఆయన బండి నంబరు, పక్కనే ఆ మాట. డ్రైవర్లు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. ఎవరో నవ్వారు. చిన్నాయన కాసేపు బోర్డు వంకే చూసి, భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకుని, "తిప్పప్పా బండి," అన్నాడట. కాయ దించకుండానే వెనక్కి వచ్చేశాడు.

నేను వెంటనే తమ్ముడికి ఫోను చేసి ఆ పేరు మార్పించాను. లోపల కూడా "మళ్ళీ చూడాలి" అనే పెట్టించాను. రెప్పపాటు పని. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? ఇక్కడ పెదవి కూడా దాటలేదు, నేరుగా గేటు మీదికే ఎక్కింది.

ఆ సాయంత్రం చిన్నాయన రాలేదు. తర్వాతి సాయంత్రమూ రాలేదు. అమ్మ కాఫీ కలిపి, చల్లారాక పారబోసి, మా ఇద్దరితో మాట్లాడటం మానేసింది. తమ్ముడికి అన్నం పెట్టేది గానీ ముఖం చూసేది కాదట. చిన్నాయన ఆ కాయను ఇంకో ఫ్యాక్టరీకి కూడా తోలలేదు. "ఆ మాట పడిన కాయను ఇంగో గేటు కాడికి తీసకపోను," అన్నాడట. ట్రాలీ ఆయన వాకిట్లోనే ఉండిపోయింది. శనివారం నేను చిత్తూరు వచ్చేసరికి వెనక వీధి నుంచి పండిన మామిడి వాసన గోడ దాటి మా ఇల్లంతా కమ్ముకుని ఉంది. మామూలుగా అయితే ఆ వాసనకు నోరూరాలి. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వంటింట్లోకి పోయినా అదే, మిద్దె మీదికి పోయినా అదే. కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే వాసన. కూర్చోలేక, నిలబడలేక ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

ఆ రోజే అమ్మ నోరు విప్పింది, అదీ చిన్నాయన పంపిన కబురు చెప్పడానికి.

"రేపు మీ ఇద్దరినీ కాణిపాకం రమ్మన్నాడు. ఆ మాట మేము రాయలేదని స్వామి ముందర ప్రమాణం చేస్తే మళ్ళీ ఈ ఇంటికి వస్తాడంట. లేకుంటే లేదంట."

మా వైపు ఇది చిన్న మాట కాదు. కోర్టులో అబద్ధం ఆడినవాడు కూడా కాణిపాకం పేరెత్తితే నీళ్ళు నములుతాడు. స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి చెప్పిన మాటకు తిరుగులేదు. ఎదుటివాడు నమ్మి తీరాలి, అబద్ధమైతే చెప్పినవాడు అనుభవించి తీరాలి.

"చేసేద్దాం అక్కా," అన్నాడు తమ్ముడు, అమ్మ లోపలికి పోగానే. "దాన్లో ఏముండాది?"

"ఏమని చేస్తావురా?"

"బోర్డు మీద నేను ఆ మాట రాయలేదు అని. నిజమే కదా. బోర్డుకు నేను రాసింది మళ్ళీ చూడాలి అని. నువ్వే కదా దాన్ని పీకేసింది."

"ఓహో! అయితే తప్పంతా నా నెత్తినా? ఆ పేరు పెట్టిందెవరు? నా నోట్లోంచి వచ్చిందా అది?"

"నువ్వూ చెయ్ ప్రమాణం. నువ్వు ఆ మాట యాడా టైపు కూడా చేయలేదు కదా. ఒక్క లైను రాసినావు. ఆ లైన్లో ఆ మాట లేదు."

వాడు చెప్పింది నిజమే. అదే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వాడు పేరు పెట్టాడు, చూపించమనలేదు. నేను చూపించమన్నాను, పేరు పెట్టలేదు. ఇద్దరమూ స్వామి ముందు నిలబడి కళ్ళార్పకుండా నిజమే చెప్పవచ్చు. ఆ నిజాలు రెండూ విని చిన్నాయన నమ్మి, మళ్ళీ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారే, మేము ఆ పిడికెడు కూడా పంచుకోకుండా తప్పుకోవచ్చు. అట్లా తప్పుకుంటే ఆయన చేతికి కాఫీ ఎట్లా ఇస్తాను? ఆ రాత్రి తమ్ముడితో మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రాత్రే తమ్ముడికి మేనేజరు ఫోను. "సార్, ఒక బండి లోపలికి వచ్చినట్టు ఉండాది, దించినట్టు లేదు, పోయినట్టూ లేదు. అట్లాంటి వాటికి ఒక రకం చేర్చండి." అది చిన్నాయన బండే. తమ్ముడు అక్కడే కూర్చుని ఏదో పేరు చేర్చేశాడు. పేరు చేరిస్తే చాలు కదా ఇప్పుడు! ఏం పేరు పెట్టావని నేను అడగలేదు. వాడి ముఖం చూడబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున కాణిపాకం బస్సులో తమ్ముడు ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం. బస్సు నిండా గుండ్లు చేయించుకున్న తిరుమల కొండ యాత్రికులు, చంకల్లో పిల్లలు. దారి పొడుగునా నేను ప్రమాణం మాటలను నోట్లోనే తిప్పుకుంటున్నాను. ఆ మాట నేను రాయలేదు. ఆ మాట నేను ఎక్కడా రాయలేదు. ఎన్నిసార్లు అనుకున్నా తప్పు దొరకలేదు.

చిన్నాయన మాకంటే ముందే వచ్చాడు. గుడి వీధిలో కొబ్బరికాయల అంగళ్ళ పక్కన టీ బంకు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గుడ్డ సంచి, అందులో పొడి పంచె, పొడి తువ్వాలు. మా వంక చూసి, "తాగుతారా?" అన్నాడు టీ గ్లాసు చూపించి. వద్దన్నాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"ముందు ఈడ చెప్పండి," అన్నాడు. "ఆడ ఏమని చెప్తారో."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "బోర్డు మీద నేను ఆ మాట రాయలేదు చిన్నాయనా. అది లోపల మా కోసం పెట్టుకున్న పేరు. బయటికి వస్తుందని నాకు తెలీదు."

"నువ్వు పాపా?"

"నేను ఆ మాట ఎక్కడా రాయలేదు చిన్నాయనా. నేను రాసింది ఒక్క లైను. అందులో ఆ మాట లేదు. కావాలంటే ఫోన్లో చూపిస్తా."

"ఇద్దరిదీ నిజమేనా?"

"నిజమే."

"స్వామి ముందర కూడా ఇదే చెప్తారు?"

"చెప్తాం."

"అట్లయితే ఎవురు రాసినట్లు? ఆ వినాయకుడా?"

"అది దానంతట అదే వచ్చింది చిన్నాయనా," అన్నాడు తమ్ముడు.

"దానంతట అదే వచ్చేదానికి అదేమన్నా వానా రా?"

టీ బంకు ఆయన మా వైపు చూస్తున్నాడు. అంగడి ఆమె కొబ్బరికాయ చేతిలో పట్టుకుని వింటోంది. నేను ఇక ఆగలేకపోయాను. రోజుల తరబడి లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

"మా ఇద్దరి చేతా ప్రమాణం చేయిస్తున్నావు సరే. మరి నువ్వు చేస్తావా? ట్రాలీ అడుగున రాలుకాయ వేయలేదని తడిబట్టలతో చెప్తావా? పైన ఒకటి, కింద ఒకటి ఉందనే కదా బండి పక్కకు పెట్టింది!"

తమ్ముడు నా కాలు తొక్కాడు. అప్పటికే అనేశాను. చిన్నాయన చెయ్యెత్తుతాడనుకున్నాను, కనీసం లేచి పోతాడనుకున్నాను. ఆయన సంచిలోంచి తువ్వాలు తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచి లోపల పెట్టాడు.

"వేసినాను," అన్నాడు. "నేను వేసినాను. మీ నాయనా వేసినాడు. మా నాయన ఎద్దులబండి అడుగునా వేసినాడు. గాలికి రాలిన కాయను తోటలో కుళ్ళబెట్టుకుంటామా? అడుగున వేస్తాము. దానికి అడుగుకాయ అని పేరు. అమ్మేవానికీ తెలుసు, కొనేవానికీ తెలుసు. కాటా కాడ దానికి తరుగు తీస్తారు, మేము ఊఁ అంటాము. మా తాత కాడ్నించి ఇదే వరస. దాపరికం యాడుండాది దాంట్లో? మోసమని పేరు పెట్టినోళ్ళు మీరేనమ్మా. ఎవురికి పెట్టినారో సూసుకోండి. నా బండి మీద రాసినారా, మీ నాయన బండి మీద రాసినారా?"

పైన మంచి కాయ కప్పి అడుగున రాలుకాయ వేస్తే దాన్ని ఇంకేమంటారు అని ఇప్పటికీ నా మనసులో ఒక మూల గొణుగుతూనే ఉంటుంది. నేను వాదించేదాన్నే. కానీ నాయన తోటలో వంగి గంపలోకి రాలుకాయ ఏరుతున్నది కళ్ళ ముందుకు వచ్చింది. చిన్నప్పుడు ఆ గంప పట్టుకున్నది నేనే. ఆ గంప మీద ఆ మాట రాసి చూస్తే ఏడుపు తన్నుకొచ్చింది. నడి వీధిలో, అంగళ్ళ ముందు, గుండ్ల యాత్రికులు చూస్తుండగా ఏడ్చాను.

"ఊరుకో పాపా," అన్నాడు చిన్నాయన. "ప్రమాణం వొద్దులే. మీరు చెప్పేది నిజమే అయినా, నాకు ఆ నిజంతో పనిలేదు. వచ్చినాము గదా, దండం పెట్టుకోని పోదాం పదండి."

పొడిబట్టలతోనే లైన్లో నిలబడి దర్శనం చేసుకున్నాం. నేను స్వామిని ఏమీ అడగలేదు, అడిగేందుకు ముఖం లేదు. తిరుగు బస్సు చిత్తూరులో ఆగాక, "ఇంటికి రా చిన్నాయనా, అమ్మ చూస్తా ఉంటుంది," అన్నాను.

"సూస్తాం," అని సంచి చంకన పెట్టుకుని తన వీధి వైపు పోయాడు. సూస్తాం అంటే మా దగ్గర రాననీ కాదు, వస్తాననీ కాదు. ఆ సాయంత్రం రాలేదు.

మేము ఆ పేరును మళ్ళీ మార్చాం, ఈసారి "అడుగుకాయ" అని. మార్చింది ఒక్క చోటే, నా లైను అట్లాగే ఉంది. మేనేజరుకు ఫోను చేసి జంకుతూ చెప్పాను, ఒక రకానికి పేరు మార్చాము సార్, అడుగుకాయ అని పెట్టాము అని.

"ఆఁ, అదే కదా మేడం మేము కూడా అనేది!" అన్నాడు. "దాన్నే మొదట్నుంచి పెట్టి ఉంటే పోయుండేది."

ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

కాలం చివరికొచ్చింది. చిన్నాయన ఆఖరి కోత కోయిస్తున్నాడని తెలిసింది. ఏ ఫ్యాక్టరీకి తోలుతాడో తెలియదు. నేను కాలేజీకి సెలవు పెట్టి చిత్తూరులోనే ఉండిపోయాను. ఆ పొద్దున తమ్ముడూ నేనూ గేటు దగ్గరకు పోయాం. ట్రాక్టర్ల పొగ, దుమ్ము, ఈగలు. ప్రతి బండినీ చూస్తూ, ఆయనది కాదని తెలుసుకుంటూ, తమ్ముడి ఫోను లాక్కుని చూస్తూ, మళ్ళీ రోడ్డు మీదికి పోయి చూస్తూ ఉన్నాను. "ఒక్క చోట నిలబడవే తల్లీ," అని వాడు విసుక్కున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక ఆయన ట్రాక్టరు లైన్లో కనిపించింది. చిన్నాయన ఇంజను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, చూడనట్టున్నాడు.

బండి గేటు దగ్గరికి వచ్చింది. పైనుంచి తీశారు, వెనక తలుపు తీసి అడుగు నుంచి తీశారు. బోర్డు మీద ఆయన బండి నంబరు పడింది, పక్కనే అడుగుకాయ.

"ఏమప్పా, నీదీ అడుగుకాయేనా!" అని వెనక బండి ఆయన అరిచాడు.

"నీ బండిలో లేదేమో, తలుపు తీసి సూపించబ్బా!" అన్నాడు చిన్నాయన.

లైను లైనంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కాయ దించాడు.

ఆ సాయంత్రం అమ్మ కాఫీ కలపలేదు. పారబోసి పారబోసి విసుగెత్తిందేమో, వంటింట్లో ఏదో సర్దుతూ ఉంది. నేను పంచలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉత్తినే తెరను పైకీ కిందికీ కదుపుతున్నాను. మోపెడ్ చప్పుడు వినిపించింది. అది ముందుకు పోతుందని అనుకున్నాను. పోలేదు.

చిన్నాయన వచ్చి ఆ ఇనుప కుర్చీలో కూర్చుని, "వదినా, కాఫీ," అన్నాడు. అంతకు ముందు రోజు కూడా వచ్చి పోయినట్టే అన్నాడు. వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు వినిపించింది. తమ్ముడు వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాఫీ వచ్చింది, ఆయన తాగాడు, ఎండను తిట్టాడు. తర్వాత నా ఒళ్ళోని లాప్‌టాప్ వంక చూశాడు.

"లోపల ఇంగా ఏమేం పేర్లు పెట్టినారు? చదువు, ఇందాం."

నేను తమ్ముడి ముఖం చూశాను. వాడు నేల చూపులు చూస్తున్నాడు. సరే, దాచడానికి ఇంకేముంది! టైప్ తెరిచి పైనుంచి చదువుతూ పోయాను. లైన్లో, కాటా, మంచికాయ, పండుకాయ, తడికాయ, కలుపుకాయ, అడుగుకాయ. ఆయన ఒక్కోదానికీ తల ఊపుతున్నాడు. చివరిది వచ్చేసరికి నా నోరు ఆగిపోయింది. అది నేను అప్పటిదాకా చూడనే లేదు.

"ఆగినావేం? చదువు."

"అలిగినాడు," అన్నాను.

"ఏంది?"

"కాయ దించకుండా తిప్పుకోని పోయిన బండికి చిన్నాయనా," అన్నాడు తమ్ముడు, వినీ వినపడనట్టు. "ఆ రోజు మేనేజరు అడిగితే పెట్టినాను. తర్వాత రేటు నచ్చక పోయిన బండ్లకు కూడా బోర్డు మీద అదే పడింది. ఎవురూ ఏమీ అనలేదు."

మళ్ళీ మొదటికొచ్చింది, ఇప్పుడు లేచి పోతాడు అనుకున్నాను. చిన్నాయన ఖాళీ గ్లాసును కుర్చీ కింద పెట్టాడు. మీసం కింద ఏదో కదిలింది.

"అలిగినాడని పెట్టినారు సరే," అన్నాడు. "మళ్ళీ వచ్చినాడని ఒకటి పెట్టలేదేంరా?"

నేను అక్కడికక్కడే ఆ పేరు చేర్చాను. కింద నా లైను ఉంది కాబట్టి బోర్డు మీదికి మాట దానంతట అదే వస్తుంది. కానీ మా కంపైలర్ ఊరుకునే రకం కాదు. పేరును మాటగా మార్చి పెడుతుంది గానీ, ఆ బండిని ఏం చేయాలన్నది మనమే చెప్పాలి, చెప్పేదాకా అరుస్తూనే ఉంటుంది. తెర మీద ఎర్ర గీత పడింది.

"ఏమంటా ఉండాది అది?" అన్నాడు చిన్నాయన, తెరలోకి వంగి.

"మళ్ళీ వచ్చినవాణ్ణి ఏం చేయాలని అడుగుతోంది," అన్నాను.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"అడిగేదేముండాదే దాంట్లో! లోపలికి రానీమని రాయి."